గిటారు వాద్యమున తాళపు దెబ్బలు



తంతివాద్యమును మీటవలెను, చర్మవాద్యమును కొట్టవలెను, గాలివాద్యమును ఊదవలెను. వాద్యములను గూర్చి మనకుగల తెలివిడి చాలవఱకు ఈ మూడు మాటలలో ఇమిడియున్నది. కాని స్పెయిను దేశమున పెరిగి, నేడు ప్రపంచమంతటను వ్యాపించిన గిటారు అను ఆరు తంతుల వాద్యమును ఒంటరిగా వాయించు విద్వాంసులు ఒక్కొక్కప్పుడు ఈ కట్టుబాటును మీఱుదురు. మీటుచున్న చేతితోనే తంతులను చఱతురు. వాద్యపు చెక్కను వ్రేలితో తట్టుదురు. తంతిని పైకి లాగి వదలి ఫెళ్లున మ్రోగింతురు. ఇది కేవలము వింతకొఱకు చేయు పనియా, లేక సంగీతమునకు ఇందువలన ప్రయోజనమేమైనను కలదా అను విషయమును గూర్చి నేడు కొంత చెప్పదలచితిని.

ఈ విషయము మనకు సంబంధింపనిదని తలంపవలదు. మన పట్టణములలోనే కాక పల్లెలలో సయితము నేడు పిల్లలు గిటారు నేర్చుచున్నారు. పిల్లవాడు ఆ వాద్యమును ఒడిలో నుంచుకొని దాని పొట్టపై తట్టుచుండగా, “వాద్యము సరస్వతి గదా, దానిని కొట్టవచ్చునా?” అని ఇంటి పెద్దలు మందలించుట నేను ఎఱుగుదును. ఆ మందలింపు అకారణమైనది కాదు. వాద్యమునకు కాలు తగిలినచో చేతితో తాకి కన్నుల కద్దుకొను సంప్రదాయము మనది. అయినను పిల్లవాడు చేయుచున్నది అల్లరియా, అభ్యాసమా అని తేల్చుటకు ఆ విద్యయొక్క మర్మము కొంత తెలిసియుండవలెను. తెలియక మాన్పించినచో ఒక విద్య అంకురమునందే వాడిపోవచ్చును. తెలియక పొగడినచో అల్లరియే విద్యగా చెలామణి కావచ్చును. రెండును నష్టములే.

మొదట వాద్యమును గూర్చి చెప్పెదను. గిటారునకు నడుము నొక్కినట్లుండు బోలు పెట్టెయు, దానికి అతికిన పొడుగాటి దండియు ఉండును. దండిమీద వీణకువలెనే మెట్లుండును. కొనయందు తంతులను బిగించు బిరడలుండును. తంతులలో మ్రోగు భాగము పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. పెట్టె పైపలకకు నడుమ గుండ్రని రంధ్రమును, దానికి దిగువను తంతులను కట్టిన గుఱ్ఱమును ఉండును. పైపలకను స్ప్రూసు లేక సీడరు అను చెట్ల మెత్తని చెక్కతో చేయుదురు. దాని దళసరి రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ప్రక్కలకును వెనుకకును గట్టి కఱ్ఱ వాడుదురు. మన దక్షిణదేశపు అడవులలో పెరుగు జిట్రేగి, అనగా ఇరుగుడు చేవ, ఇందులకు మిక్కిలి తగినదని ఇతర దేశముల శిల్పులు సయితము దానిని వాడుచున్నారు.

ఈ పలుచని పైపలకయే వాద్యమునకు ప్రాణము. స్పెయినునందలి అల్మెరియా ప్రాంతమున ఆంతోనియో దె తోర్రెస్ అను వడ్రంగి యుండెను. ఆయన 1817లో పుట్టి 1892లో గతించెను. నేటి గిటారు కొలతలును, పెట్టెలోపలి కమ్మీల అమరికయు చాలవఱకు ఆయన స్థిరపఱచినవే. 1862లో ఆయన ఒక విచిత్రమైన గిటారును చేసెను. దాని పైపలక మాత్రము మంచి చెక్క. ప్రక్కలును వెనుకయు కాగితపు అట్ట! నాదము పుట్టుటకు పైపలకయే ముఖ్యమని కన్నులకు కట్టినట్లు చూపుట ఆయన యుద్దేశము. ఆ గిటారు బార్సిలోనా నగరమందలి సంగీత ప్రదర్శనశాలలో భద్రపఱుపబడియున్నది.

బోలు పెట్టెమీద ఇంత పలుచని పలక బిగించినపుడు దానిని తట్టిన అది డోలువలె మ్రోగుటలో ఆశ్చర్యమేమి? మృదంగమునకు చర్మము ఎట్టిదో గిటారునకు ఆ చెక్క అట్టిది. గిటారు పెట్టెలోని గాలి సెకనునకు సుమారు 100 సార్లును, పైపలక సుమారు 200 సార్లును ఊగు స్వభావము గలవి. కావుననే గుఱ్ఱము దాపున బొటనవ్రేలి మెత్తని భాగముతో తట్టిన మృదంగపు తొప్పినుండి వచ్చునట్టి లోతైన శబ్దము వచ్చును. పలక అంచునకు పోయినకొలది శబ్దము చిన్నదై బిగువగును. ప్రక్కల గట్టి కఱ్ఱపై గోటితో తట్టిన ఘటపు మెడపై తట్టినట్లు ‘టక్కు’మనును. ఒకే పెట్టెయందు ఇన్ని స్థానములు కలవు. ఏ స్థానమున ఏ శబ్దము దాగియున్నదో విద్వాంసుడు తన వాద్యమును తట్టి తట్టి తెలిసికొనును. ఇద్దఱు శిల్పులు చేసిన రెండు గిటారులు ఈ విషయమున ఒక్కతీరుగ నుండవు.

ఇక, తట్టవలసిన అవసరమేల కలిగెను? మన కచేరిలో పాడువాడు పాడును, ఫిడేలు వెంట నడచును, మృదంగము తాళమును మోయును. ఒంటరి గిటారు విద్వాంసునకు ఈ తోడెవరును లేరు. అతని బొటనవ్రేలు మంద్రస్వరములను పలికించును. తక్కిన మూడు వ్రేళ్లలో ఒకటి పాటను నడుపును, రెండు తోడుస్వరములను నింపును. చిటికెనవ్రేలు సాధారణముగ ఊరకయుండును. ఇట్లు పాట, శ్రుతి, తోడు అన్నియు ఒక్క చేతిమీద నడచుచుండగా లయను ఎత్తిచూపువా రెవరు? ఆ పనియు ఆ చేతికే పడినది.

ఇట్టి అవసరము మనకు క్రొత్తది కాదు. సంక్రాంతి నెలలో వచ్చు హరిదాసును తలచుకొనుడు. నెత్తిపై పాత్ర, ఒక చేత తంబుర, ఒక చేత చిడతలు, నోట కీర్తన. శ్రుతియు లయయు గానమును ఒక్కనియందే. అంతకంటె చేరువైన నిదర్శనము మన వీణయే. వీణకు ఏడు తంతులు గదా. నాలుగు పాటకు; ప్రక్కనున్న మూడు తాళమునకు. వైణికుడు పాటను చూపుడు మధ్యమ వ్రేళ్లతో మీటుచు, చిటికెనవ్రేలితో ఆ ప్రక్క తంతులను తాకి తాళమును చెప్పును. అనగా ఒంటరి తంతివాద్యము తన తాళమును తానే వేసికొనవలెనను ధర్మమును మన పెద్దలు వీణ కట్టడములోనే ఇమిడ్చిరి. గిటారునకు అట్టి ప్రత్యేకపు తంతులు లేవు. అందువలన ఆ విద్వాంసులు ఉన్న తంతులనుండియు, ఉన్న చెక్కనుండియు ఆ ఫలమును రాబట్టుకొనిరి.

ఆ ఉపాయములలో ముఖ్యమైనవానిని వరుసగ చెప్పెదను.

మొదటిది తంబోరా. ఈ పేరు విని మన తంబుర యనుకొనవలదు. స్పెయిను భాషలో తంబోర్ అనగా డోలు. ఎడమచేతి వ్రేళ్లు మెట్లపై కొన్ని స్వరములను కలిపి నొక్కి పట్టియుండగా, కుడిచేతి బొటనవ్రేలిని చాచి, మణికట్టును త్రిప్పి, ఆ వ్రేలి ప్రక్కభాగము గుఱ్ఱము దగ్గఱ తంతులపై పడునట్లు వేయుదురు. పడిన వ్రేలు పడినట్లే లేవవలెను. కాలిన పెనమును తాకిన వ్రేలు ఎంత వేగముగ వెనుకకు వచ్చునో అంత వేగముగ రావలెను. నిలిచినచో నాదము చచ్చును. సరిగ పడినప్పుడు దూరమున ఊరేగింపులో డోలు మ్రోగుచున్నట్లుండును. ఆ డోలులోనే స్వరములును మెత్తగ వినబడును. గుఱ్ఱమునకు చేరువైన కొలది డోలు పాలు ఎక్కువ, దూరమైన కొలది స్వరము పాలు ఎక్కువ. స్వరమును శబ్దమును ఈ విధముగ పాళ్లు కలుపుటయే ఇందలి నేర్పు.

రెండవది తంతులను పెనవేయుట. మంద్రమందలి రెండు తంతులలో ఒకదానిని ఎడమచేతి వ్రేలితో లాగి రెండవదానిమీదికి ఎక్కించి, రెంటిని కలిపి మెట్టుపై నొక్కి పట్టుదురు. అప్పుడు మీటినచో శుద్ధస్వరము రాదు. రెండు తంతులును ఒకదానితో నొకటి రాచుకొని, పటాలపు చిన్నడోలువలె గరగర మ్రోగును. కుడిచేతి వ్రేళ్లను మార్చి మార్చి త్వరగ మీటినచో సేనలు నడచివచ్చుచున్న భ్రాంతి కలుగును.

మూడవది గోల్పె. గోల్పె యనగా దెబ్బ. ఉంగరపు వ్రేలితో పైపలకను తట్టుట. ఇది స్పెయిను దక్షిణభాగమగు అందలూసియాలో పెరిగిన ఫ్లమెంకో అను గాన నృత్య సంప్రదాయమునుండి వచ్చినది. అచ్చట నర్తకులు మడమలతో నేలను మ్రోగింతురు. చుట్టునున్నవారు చప్పట్లతో తాళము వేయుదురు. వారి నడుమ గిటారు తానును తట్టుచు పాల్గొనును. వారి తాళములు సామాన్యమైనవి కావు. సొలెయా అను పాటలో ఆవర్తమునకు 12 మాత్రలు. అందు 3, 6, 8, 10, 12 మాత్రలపై బలము పడును. మొదట మూడేసిగను, పిదప రెండేసిగను నడచు ఈ నడకను మీరు తొడపై ఒక్కసారి వేసికొని చూచినచో, మిశ్రగతులకు అలవాటుపడిన మన చెవికి ఇది పరాయిదిగా తోచదు. ఈ సంప్రదాయపు గిటారులకు పైపలక చెడకుండుటకై తట్టుచోట పలుచని రేకువంటి కాపు అతుకుదురు. శాస్త్రీయపు గిటారులకు ఆ కాపు లేదు. కావున ఆ విద్వాంసులు గోరు తగులనీయక వ్రేలి కండతోనే తట్టవలెను.

నాలుగవది రస్గెయాదో. ముడిచిన వ్రేళ్లను ఒకదాని వెనుక నొకటి విసరి గోళ్లతో తంతులన్నిటిని గీయుట. ఇది మీటుటకును కొట్టుటకును నడుమ నున్న క్రియ. ఇంకను కొన్ని కలవు. తంతిని పైకి లాగి వదలి దండికి తగిలించి ఫెళ్లుమనిపించుట యొకటి. హంగరీ దేశపు సంగీతకర్తయగు బేలా బార్తోక్ ఫిడేలు జాతి వాద్యములకు దీనిని విరివిగ వ్రాసినందున ఆయన పేరే దీనికి నిలిచినది. ఎడమచేతి వ్రేలిని మాత్రమే మెట్టుపై సుత్తివలె వేసి, కుడిచేయి మీటకయే స్వరమును పలికించుట మఱియొకటి.

వీనిని శాస్త్రీయ గాన వేదికకు తెచ్చినవారిలో ఫ్రాన్సిస్కో తారెగా ముఖ్యుడు. ఆయన 1852లో స్పెయినునందలి విల్యారెయాల్ అను ఊర జన్మించి, 1909లో బార్సిలోనాలో కాలధర్మము నొందెను. చిన్ననాటనే కంటిచూపు దెబ్బతినుటచే చెవియే ఆయనకు కన్నయ్యెను. ఆయన వాయించినది పైన చెప్పిన తోర్రెస్ చేసిన గిటారే. మీలో పలువురు ఆయన పేరు వినకపోయినను ఆయన స్వరములను వినియుందురు. నోకియా చేతిఫోనులు చాలకాలము మ్రోగించిన ఆ చిన్న వరుస, తారెగా రచించిన ఒక నృత్యగీతమునుండి తీసినదే. ఆయన జోతా అను గ్రామ్యనృత్యపు వరుసపై ఒక పెద్ద కృతిని అల్లెను. జోతా అరగోన్ సీమ పల్లెప్రజల ఆట. దానిని ఒంటరి గిటారుపై వినిపించునపుడు, ఆటతోపాటు ఊరి డోలును గూడ వినిపింపవలెనని ఆయన తంతులను పెనవేయు ఉపాయమును అందు వాడెను. పల్లె వీథిలోని డోలు ఆ విధముగ నగరపు సభలో మ్రోగెను. ఇది ఆలోచింపదగిన విషయము. కొట్టుట అను క్రియ విద్వాంసుని గర్వమునుండి పుట్టలేదు. పల్లెను మఱువకుండుటనుండి పుట్టినది.

ఆ కాలమున తంతులలో పైమూడును ప్రేగుతో చేయబడుచుండెను. అవి త్వరగ తెగునవి, చెమ్మకు సడలునవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రేగుతంతులు కఱవయ్యెను. అటుపిమ్మట 1940 దశకపు చివరిభాగమున న్యూయార్కునందు ఆల్బర్టు ఆగస్టిన్ అను శిల్పి, స్పెయిను విద్వాంసుడగు ఆంద్రెస్ సెగోవియా ప్రోత్సాహమున, నైలాను తంతులను వాడుకలోనికి తెచ్చెను. దెబ్బకును లాగుటకును ఓర్చు తంతి దొరకుటతో సంగీతకర్తలకును ధైర్యము హెచ్చెను.

1976లో అర్జెంటీనా దేశపు సంగీతకర్త అల్బెర్తో హినస్తేరా, బ్రెజిలు విద్వాంసుడగు కార్లోస్ బార్బోసా-లిమా కోరికపై గిటారునకు ఒక సొనాటా వ్రాసెను. అందలి కడపటి భాగమున తమ దేశపు విశాలమైన గడ్డిబయళ్లలో గుఱ్ఱములపై తిరుగు పశుపాలకుల ఆటపాటల ఊపు కనిపించును. రస్గెయాదోయు తంబోరాయు పెట్టెపై దెబ్బలును అందు ఒకదానిని తరుముచు నొకటి వచ్చును. రష్యా దేశపు నికితా కోష్కిన్ 1980 నాటికి పూర్తిచేసిన “రాకుమారుని బొమ్మలు” అను కృతియం దైతే ఈ ఉపాయములన్నియు ఒక కథకు పనివారైనవి. యంత్రపు కోతి, కన్నులార్పు బొమ్మ, సిపాయిల ఆట, రాకుమారుని బండి, ఇవి అందలి ఘట్టములు. బొమ్మలకు ప్రాణము వచ్చి కదలుచున్నట్లు తోపవలెనన్న మధురస్వరములు చాలవు గదా. చెక్కయు చీలయు చేయు చప్పుడు కావలెను.

మనసునకు మఱింత హత్తుకొను ఉదాహరణ మొకటి చెప్పెదను. ట్యునీసియాలో పుట్టి ఫ్రాన్సునందు ప్రసిద్ధికెక్కిన రోలాఁ దియాన్స్ అను విద్వాంసుడు గుండెజబ్బు పడి శస్త్రచికిత్స చేయించుకొనెను. పిదప 1986లో మూడు భాగముల కృతి నొకదానిని వ్రాసెను. మొదటి భాగము చికిత్సకు ముందటి అస్తవ్యస్తమైన స్థితి. రెండవది చికిత్స సమయపు నిశ్చలత. మూడవది మరల ప్రాణము పుంజుకొనుట. ఆ మూడవ భాగమున తంతులపై పడు చఱపులు, బలమైన మంద్రస్వరములు, ఆగని లయ వినునపుడు అవి అలంకారములని నాకు ఎన్నడును తోచలేదు. తాళము తప్పిన గుండె మరల తాళమున పడినపుడు మనుష్యుడు పొందు సంతోషమును మీటుటచే మాత్రము చెప్పవచ్చునా? ఆయన 2016లో గతించెను. ఆ కృతి నేటికిని వేదికలపై వాయింపబడుచున్నది.

ఇంతవఱకు గుణములు చెప్పితిని. ఇక హద్దులు చెప్పవలెను. పైపలక చెక్క మెత్తనిది. గోరు తగిలిన గుంట పడును. మంచి గిటారులపై లక్కతో చేసిన మెఱుగు మిక్కిలి పలుచనిది. గీత పడిన చెరగదు. గట్టి దెబ్బకు పలక పగులుటయు కలదు. కావున బలము చూపదలచినవానికి ఈ వాద్యము తగదు. రెండవ హద్దు శబ్దపు కొలత. గిటారు స్వరము సన్నది. ఆ స్వరముప్రక్కన చెక్కపై వేసిన దెబ్బ సులభముగ పెద్దదై పాటను మ్రింగివేయును. మృదంగ విద్వాంసుడు సన్నని గాత్రమునకు చేయి తగ్గించునట్లు, ఇచ్చట ఒకే మనుష్యుడు తన చేతికి తానే చేయి తగ్గించుకొనవలెను. మూడవది కాలము. తట్టుటకు పోయిన చేయి తరువాతి స్వరము వేళకు తన చోటికి రావలెను. అందుకనియే గురువులు ఈ క్రియలను మొదట మిక్కిలి విలంబముగ, ఒక్కొక్క దెబ్బను వేఱువేఱుగ సాధన చేయింతురు. సంగీతకర్తయు దెబ్బను విద్వాంసుని ఇష్టమునకు వదలడు. స్వరలిపిలో స్వరపు తలకు బదులుగ ఇంటూ గుర్తు వేసి, ఏ మాత్రయందు తట్టవలెనో, చెక్కపైనా తంతిపైనా అను సంగతిని గూడ వ్రాయును. ఇది క్రమశిక్షణతో కూడిన పనియని ఆ గుర్తే సాక్ష్యము.

నేడు ఇనుపతంతుల గిటారును నాలుగువైపుల తట్టి, ఒక్కరే ఒక మేళమంత సందడి చేయు యువకులును కలరు. అది వేఱొక శాఖ. అందును నేర్పరులు లేకపోలేదు. శాస్త్రీయ సంప్రదాయమున మాత్రము దెబ్బ కూరలో ఉప్పువంటిది. లేనిచో చప్పన, హెచ్చినచో నోట పెట్టరాదు.

వాద్యమును కొట్టుట అపచారమా అను ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. మృదంగమును కొట్టుచున్నాము, ఘటమును కొట్టుచున్నాము, అవియు సరస్వతి రూపములే. అపచారము చేయి తగులుటలో లేదు. శ్రద్ధ లేకుండుటలో కలదు. తాళము తప్పి తంతిని మీటినను అపచారమే. తాళమునకు కట్టుబడి చెక్కను తట్టినను ఆరాధనయే.

ఎవరైనను గిటారు వాయించుచు తట్టుట వినినచో మూడు సంగతులు గమనింపుడు. ఆ దెబ్బ ప్రతి ఆవర్తమునను తన మాత్రమీదనే పడుచున్నదా? దెబ్బ వెనుక వచ్చు స్వరము స్పష్టముగ వినబడుచున్నదా? ఆ దెబ్బను తీసివేసినచో పాటకు లోటు కలుగునా? ఇందులకు స్పెయిను భాషగాని, స్వరలిపిగాని తెలియనక్కఱలేదు. భజనలలోను, హరికథలలోను పండిన మీ చెవులు చాలును. మొదటి రెండు ప్రశ్నలకు సాధన సమాధానము చెప్పును. మూడవదానికి మాత్రము వినువారి హృదయమే సమాధానము చెప్పవలెను. లోటు కలుగునని మీకు తోచినచోట, అది చెక్కపై దెబ్బ కాదు, సంగీతమే.